నలభై ప్రశ్నల ఫ్రెంచి

ముందు సంగతి చెప్పేస్తాను, కథ తర్వాత. నేను బి.ఏ. పాసయ్యాను.

మంగళవారం పొద్దున ఫోన్లో రిజల్టు చూసుకున్నాను. నమ్మకం కుదరలేదు. పక్కింటి అమ్మాయి చేత ఇంకోసారి చూపించుకున్నాను. అప్పటికీ కుదరక బస్సెక్కి స్టడీ సెంటరుకి వెళ్లి, గోడకి అంటించిన కాగితంలో నా నంబరు మీద వేలు పెట్టి చూసుకుని వచ్చాను. సెకండ్ క్లాసు. ఎకనామిక్స్ రెండుసార్లు తప్పి మూడోసారికి గట్టెక్కింది. నా వయసు అరవై ఒకటి. మా అమ్మానాన్నలు దివిసీమ పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి మమ్మల్ని పెంచారు. మా వైపుగానీ, మా ఆయన వైపుగానీ పేరు పక్కన డిగ్రీ రాసుకునే యోగం ఇంతవరకూ ఎవరికీ పట్టలేదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రకటనలు చదువుతూ, ఒక పెళ్లి కబురుకీ మందిరం వెల్ల చందాకీ మధ్యలో నా సంగతి కూడా చదివారు. థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరైన మా ఆయన, "గేటు మీద బోర్డు కొట్టిద్దామా? నా పేరు తీసేస్తే చోటుంది" అన్నారు. కొట్టించినా కొట్టిస్తాను.

ఈ ఉత్సాహం కాస్త ఎక్కువైతే ఓర్చుకోండి. కథలోకి వెళ్లాక అదే తగ్గుతుంది.

మార్కుల కాగితంలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది ఫ్రెంచిలో. ఆ సంగతి తెలిసి, పటమటలో నేను పనిచేసిన హాస్పిటల్ నుంచి చిన్న నర్సులు వరసగా ఫోన్లు చేశారు. కొందరు విదేశాలకి వెళ్లే ప్రయత్నంలో ఉన్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, మీరు సొంతంగానే నేర్చుకున్నారంటగా! ఏ యాప్ వాడారు?" నేనేమో ముప్పై ఒక్క ఏళ్లు వార్డుల్లో పనిచేసి, అందులో చివరి అయిదేళ్లు సర్జికల్ వార్డు ఇన్‌చార్జిగా చేసి రిటైరైన మనిషిని. ఒక్క మాటలో చెప్పి ఫోను పెట్టేయడం నాకు చేతకాదు. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. మీరు నేర్చుకోవాల్సింది కూడా ఎక్కువగా అందులోనే ఉంది.

డిగ్రీ కట్టినప్పుడు నాకు యాభై ఆరేళ్లు. ఆ ఏడు మా స్టడీ సెంటర్లో రెండో భాషగా తెలుగు, హిందీలతో పాటు ఫ్రెంచి కూడా పెట్టారు. తెలుగు తీసుకుంటే సుఖంగా పోయేది. కానీ అప్పటికే మా హాస్పిటల్‌కి ఆఫ్రికా పిల్లలు రావడం మొదలైంది. కృష్ణ అవతల యూనివర్సిటీల్లో చదువుకోవడానికి వచ్చిన వాళ్లు. వాళ్లలో చాలామందికి ఇంట్లో వాళ్ల భాష, బడిలో ఫ్రెంచి. ఇంగ్లీషు ఇక్కడికి వచ్చాకే నేర్చుకోవాలి. జ్వరమొచ్చినా కాలు బెణికినా మా దగ్గరికే తెచ్చేవాళ్లు. వార్డులో అందరూ ఫోన్లు తీసి, వాటిలోకి మాట్లాడి, అవి తిప్పి చెప్పే మాటలతో ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లు. నాకది చిన్నతనంగా అనిపించింది. పేషెంటుతో మాట్లాడాల్సింది నర్సు, ఫోను కాదు అనుకున్నాను. ఫ్రెంచికి టిక్కు పెట్టాను.

అప్పుడు మొదలైంది అసలు కష్టం. టీచరు లేడు. వారానికి ఒక క్లాసు ఉంటుందన్న స్టడీ సెంటరు, నెలకొక క్లాసు పెట్టి, అదీ రద్దు చేసేది. ఏం పట్టుకుని నేర్చుకోవాలో నేనే ఎంచుకోవాలి.

మొదట ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులో లావుపాటి వ్యాకరణం కొన్నాను. క్రియలన్నీ గళ్లు గీసి పట్టికల్లో ఉన్నాయి. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు... చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టు వల్లించాను. వంటింట్లో వల్లిస్తుంటే మా ఆయన, "పదమూడో ఎక్కం దాకా వచ్చిందా?" అని అడిగేవారు. నెల తిరిగేసరికి పట్టికలు వచ్చాయి. వాటితో ఏం మాట్లాడాలో రాలేదు.

తర్వాత ఫోన్లో యాప్. ఇది ముచ్చటగా ఉండేది. బొమ్మ చూపించి మాట అడుగుతుంది, సరిగ్గా చెబితే గంట కొడుతుంది, ఒకరోజు మానేస్తే అలుగుతుంది. మా పిల్లలు కూడా నా మీద అంత అలగలేదు. ఆర్నెల్లు దాన్ని అలగనివ్వకుండా చూసుకున్నాను. పిల్లి పాలు తాగుతోంది, నేను ఆపిల్ తింటున్నాను, మా మామయ్య టోపీ పెద్దది అని ఫ్రెంచిలో తడుముకోకుండా చెప్పగలిగేదాన్ని. సర్జికల్ వార్డులో ఇవెవరికీ అక్కర్లేదు.

ఆ తర్వాత వీడియో పాఠాలు. ఇబ్రహీంపట్నం నుంచి పటమట వెళ్లే బస్సులో పోనూ రానూ రెండు గంటలు దొరికేది. ఒకరోజు ఇయర్‌ఫోన్లు మర్చిపోయి గట్టిగా పెట్టుకుని వింటున్నాను. కండక్టరు వచ్చాడు.

"ఏంటమ్మా ఆ భాష? ముక్కుతో మాట్లాడతన్నారు?"

"ఫ్రెంచండీ."

"ఎక్కడ మాట్లాడతారమ్మా దాన్ని?"

"మా హాస్పిటల్లో" అన్నాను.

ఆయన టిక్కెట్టు చింపి నా చేతిలో పెట్టి, దిగేదాకా నా వైపు అనుమానంగానే చూశాడు. వీడియోల్లో పాఠం చెప్పే ఆవిడ మాట్లాడే వేగానికి నాకు పదింట ఒక మాట దొరికేది. దాంతో చిరాకేసి అదీ పక్కన పెట్టాను. ఇక్కడే నా తప్పుకి విత్తనం పడింది. వినడం కష్టంగా ఉందని వినడం మానేశాను.

ఇక నాకు బాగా తెలిసిన పద్ధతికి వచ్చాను. విజయవాడలో చదువంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? పుస్తకం ఎవరూ చదవరు. ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఏవో చెప్పమంటాం, వాటిని బట్టీ పెడతాం, పెట్టింది పెట్టినట్టు కక్కేస్తాం. మా పిల్లల్ని అలాగే చదివించాను, నేనూ అలాగే నర్సింగ్ పాసయ్యాను. వార్డులో పేషెంటుని రోజూ అడిగే ప్రశ్నలు రాసుకుంటే నలభై తేలాయి. ఎక్కడ నొప్పి? ఎప్పటినుంచి? వాంతులయ్యాయా? ఏం తిన్నారు? ముందు ఏమైనా జబ్బులున్నాయా? ఏ మందైనా పడదా? ఒక్కొక్కదాన్ని పుస్తకంలో వెతికి, యాప్‌లో పలుకు సరిచూసుకుని, తెలుగు అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మూడు నెలల్లో నలభైయ్యీ నోటికొచ్చాయి. నిద్రలో లేపి అడిగినా తప్పు పోయేది కాదు.

పరీక్షలో ప్రశ్న వాళ్లది, జవాబు మనది. వార్డులో ప్రశ్న నాది, జవాబు వాళ్లది. ఇంత చిన్న తేడా నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ చెప్పలేను.

తట్టకపోవడానికి ఒక కారణం, అది బ్రహ్మాండంగా పనిచేయడమే. మొదటిసారి ఒక కుర్రాడు మోచెయ్యి విరగ్గొట్టుకుని వస్తే, "ఊ అవే వూ మాల్?" అన్నాను. ఎక్కడ నొప్పి అని. ఆ పిల్లాడి మొహం వెలిగిపోయింది. వేలు పెట్టి చూపించాడు. ఎన్ని రోజులని అడిగితే వేళ్లు ఎత్తి చూపించేవాళ్లు. వాంతులైతే మొహం చెబుతుంది. నేనేదో భాష మాట్లాడుతున్నాననుకున్నాను. నిజానికి జవాబులన్నీ వేళ్లతో వస్తున్నాయి. వార్డులో నా పేరు మారుమోగింది. మా ఆయా అయితే మిగతా వార్డుల వాళ్లందరికీ చెప్పేది. ఆమె వన్‌టౌన్ నుంచి వచ్చే ముస్లిం మనిషి, నాకన్నా సీనియరు, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "మా సిస్టరమ్మ నోరు తెరిస్తే ఫ్రెంచే. మీకేముంది, ఫోన్లు పట్టుకు తిరగండి" అనేది. డాక్టర్లు కూడా ఆ పిల్లలు వస్తే, "ఇన్‌చార్జి సిస్టర్ని పిలవండి" అనడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ ఫోను తియ్యడం మానేశారు.

ఇలా ఉండగా, నా డిగ్రీ రెండో ఏడులో, ఒక పొద్దున ఆ అమ్మాయి వచ్చింది.

ఇరవై ఏళ్లుంటాయేమో. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చి నెల కాలేదు. ఇంగ్లీషులో థాంక్యూ, సారీ, వాటర్ మాత్రం వచ్చు. కడుపులో నొప్పి, కొంచెం జ్వరం. తోడొచ్చిన హాస్టల్ కుర్రాడు చీటీ రాయించి, ఫీజు కట్టి, క్లాసుందని వెళ్లిపోయాడు. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయి. రక్తం తక్కువగా ఉంది. ఆడపిల్లలకి మామూలేగా అని ఎవరూ ఆగలేదు. స్కానింగ్‌లో పెద్దగా తేలలేదు. సర్జన్ గారు నొక్కి చూశారు. కుడివైపు నొక్కితే అరిచింది. "అపెండిక్స్ లాగుంది. మూడింటికి ఆపరేషన్‌కి పోస్ట్ చెయ్యండి. హిస్టరీ మీరే తీసుకోండి సిస్టర్, మీ డిపార్ట్‌మెంట్" అని నవ్వి వెళ్లారు.

స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. నోటుబుక్కు తెరవక్కర్లేదు. ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెట్టాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వచ్చిన దగ్గర్నుంచి ఆమెతో ఆమె భాషలో మాట్లాడిన మొదటి మనిషిని నేను. ముందు ఏమైనా జబ్బులున్నాయా అని అడిగేసరికి, వేలు చూపించడం, తల ఊపడం ఏమీ లేవు. మాట్లాడడం మొదలుపెట్టింది. ఆగకుండా, నొప్పి మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టి, చేతులు చూపించి, మోకాళ్లు చూపించి, వాళ్లమ్మ గురించో అక్క గురించో ఏదో చెప్పి, ఒకే మాటని నాలుగైదుసార్లు అని. నాకు అందులో "అమ్మ" అన్న మాటొకటి, "చిన్నప్పుడు" లాంటిదొకటి దొరికాయి. మిగతాది వాన చప్పుడు.

నేనేం చేశానో చెబుతాను. తలూపాను.

మనకి అది పుట్టుకతో వస్తుంది. ఎదుటి మనిషి చెబుతుంటే తలూపకపోతే అమర్యాద. అత్తగారు చెబుతుంటే ఊపుతాం, డాక్టరు చెబుతుంటే ఊపుతాం, ప్రసంగంలో సగం నిద్రపోతూ కూడా ఊపుతాం. అర్థమైందని కాదు, వింటున్నానమ్మా అని. మన పేషెంట్లకీ అది తెలుసు. అందుకే వాళ్లు, "అర్థమైందా?" అని మళ్లీ అడుగుతారు. ఆ అమ్మాయికి తెలియదు. నేను ఊపిన ప్రతిసారీ ఆమె కొంచెం కుదుటపడుతూ వచ్చింది. ఆఖరికి ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, నా చెయ్యి వదిలేసి, కళ్లు మూసుకుంది. బరువు దించేసిన మనిషిలా.

నేను కేస్ షీటు తీసి, పాత జబ్బులు అన్న గడిలో 'నిల్' అని రాసి, సంతకం పెట్టాను.

ఎందుకలా రాశారని తర్వాత మేట్రన్ అడిగారు. అర్థం కాలేదని రాయడానికి ఆ గడిలో చోటు లేదా? ఉంది. కానీ ఆ వార్డంతటికీ ఫ్రెంచి వచ్చిన మనిషిని నేనే. ఇరవై ఏళ్ల పిల్లకి పెద్ద జబ్బులేం ఉంటాయిలే అనుకున్నాను. అంతకన్నా గొప్ప కారణం లేదు.

రెండింటికి డ్యూటీ మారింది. సాయంత్రం షిఫ్టుకి వచ్చిన నర్సు ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మచిలీపట్నం వైపు పిల్ల, ముక్కుసూటి. మా వార్డులో అప్పగింతలు మంచం దగ్గరే జరగాలి, డ్యూటీ దిగేవాళ్లు చెప్పింది ఎక్కేవాళ్లు తిరిగి చెప్పాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే. ఫోన్లో డాక్టరు మందు చెబితే రాసుకుని తిరిగి చదివి వినిపిస్తాం కదా, ఆయన సరేనన్నాకే ఇంజెక్షన్ తీస్తాం కదా, మనుషుల్ని అప్పగించేటప్పుడు మాత్రం ఆ జాగ్రత్త ఎందుకుండకూడదని పెట్టాను.

"మూడింటికి అపెండిక్స్. ఏమీ తినలేదు. పడని మందులేవీ లేవు. పాత జబ్బులు నిల్" అన్నాను.

ఆ పిల్ల తిరిగి చెబుతోంది. పక్కనే దుప్పటి మారుస్తున్న ఆయా అందుకుంది. "చూడాల్సిందమ్మా నువ్వు! పొద్దున ఆ పిల్లా, మా సిస్టరమ్మా పది నిమిషాలు ఫ్రెంచిలో ఒకటే మాటలు. ఆ పిల్ల చెప్తానే ఉంది, ఈమె తలూపతానే ఉంది."

చిన్న నర్సు రాస్తున్న పెన్ను ఆపింది.

"ఏం చెప్పింది మేడమ్?"

"ఏం లేదులే."

"పది నిమిషాలు చెప్పిందంటగా?"

"ఏవో ఇంటి సంగతులు."

"అంటే... ఏం సంగతులండీ? నేను తిరిగి చెప్పాలిగా" అంది. వెటకారం కాదు. నేను నేర్పిన పద్ధతే.

తిరిగి చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. గోడ గడియారం రెండూ పది. నాకిప్పటికీ సిగ్గుగా ఉండేది ఏమిటంటే, అప్పుడు కూడా ఒక్క క్షణం ఆలోచించాను. ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోతుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చిందంట అంటే ఎవరడుగుతారు? ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక అబద్ధం నోటిదాకా రాలేదు.

"నాకర్థం కాలేదమ్మా" అన్నాను. "ఒక్క ముక్క అర్థం కాలేదు."

చిన్న నర్సు యూనిఫాం జేబులోంచి ఫోను తీసింది. ఈలోపు నేను మూడో అంతస్తుకి మెట్లెక్కి వెళ్లాను. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. సర్జన్ గారు థియేటర్ బయట టీ తాగుతున్నారు.

"సార్, మూడింటి కేసు ఆపండి. హిస్టరీ నేను తీసుకోలేదు."

"షీట్లో నిల్ అని ఉందిగా?"

"నేనే రాశాను సార్. ఆ అమ్మాయి చాలాసేపు చెప్పింది. నాకర్థం కాలేదు."

"మీకు ఫ్రెంచ్ వచ్చుగా సిస్టర్?"

"అడగడం వచ్చు సార్. వినడం రాదు."

ఆయన కప్పు కింద పెట్టి నా వైపు చూశారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. "పదండి" అని మాత్రం అన్నారు.

కిందికి వచ్చేసరికి చిన్న నర్సు ఫోను ఆ అమ్మాయి నోటి దగ్గర పెట్టి ఉంది. నొప్పితో మాట ముద్దగా వస్తుంటే ఫోను ఏదో తలాతోకా లేని ఇంగ్లీషు చెబుతోంది. నేను కాగితం, పెన్ను ఇచ్చి రాయమని సైగ చేశాను. ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత నెమ్మదిగా ఒక మాట అంది. "కానీ నేను మీకు చెప్పానుగా."

అది ఫ్రెంచిలోనే అంది. మొత్తం అర్థమైంది. పుస్తకం లేకుండా, యాప్ లేకుండా, నా చెవితో నేను పూర్తిగా అర్థం చేసుకున్న మొదటి ఫ్రెంచి వాక్యం అదే.

కాగితం మీద రాసిన మాటని చిన్న నర్సు ఫోన్లో కొట్టి సర్జన్ గారికి చూపించింది. ఆయన మొహం మారింది. సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవళ్ల ఆకారంలోకి వంగిపోయి రక్తనాళాల్లో ఇరుక్కుని, ఒళ్లంతా నొప్పులు తెప్పించే జబ్బు. మన ఏజెన్సీ పల్లెల్లోనూ ఉంది. ఆ నొప్పి కడుపులో వస్తే అచ్చం అపెండిక్స్ లాగే ఉంటుంది. చిన్నప్పుడు ఇలాగే వచ్చేదని, మోకాళ్లలో వచ్చేదని, వాళ్లక్కకీ ఉందని, మత్తిచ్చే ముందు డాక్టర్లకి తప్పకుండా చెప్పమని వాళ్లమ్మ పంపించిందని, పొద్దున ఆ పది నిమిషాలూ నాకు చెప్పింది ఇదే. తెలియకుండా మత్తిచ్చి కోసి ఉంటే ప్రాణం మీదికే వచ్చేది; మీరు నర్సులు, మీకు చెప్పక్కర్లేదు.

ఆపరేషన్ ఆగింది. రక్తం మళ్లీ పరీక్షకి పంపారు, రూఢి అయింది. సెలైన్, ఆక్సిజన్, నొప్పికి మందు. రెండో రోజుకి కడుపు మెత్తబడింది. నేను కేస్ షీటు తీసి, నా 'నిల్' మీద ఒక్క గీత గీశాను. కొట్టేసినా కింద మాట కనపడాలి, అది మన రూలు. పక్కన సరైనది రాసి, టైము వేసి, మళ్లీ సంతకం పెట్టాను. ఒకే గడిలో నా సంతకాలు రెండు. నా సర్వీసులో అలాంటి గడి ఇంకోటి లేదు.

మేట్రన్ సంజాయిషీ రాయమన్నారు. రాశాను. చదివి, కళ్లద్దాలు తీసి, "మీరా ఫ్రెంచి మానెయ్యండి సిస్టర్. ఏమీ రాకపోతే ఫోన్లన్నా తీసేవాళ్లు" అన్నారు. ఆవిడన్నది నిజం. నా ఫ్రెంచి లేకపోతే ఆ పొద్దున ఎవరో ఒకరు ఫోను తీసి, ఆ మాటని పది గంటలకే పట్టుకునేవాళ్లు. సగం వచ్చిన భాష అసలు రాని భాషకన్నా ప్రమాదమని నాకు ఏ వ్యాకరణం పుస్తకమూ చెప్పలేదు.

మానలేదు. పద్ధతి మార్చాను.

ఆ అమ్మాయి ఆరు రోజులు మా దగ్గరుంది. రోజూ నా డ్యూటీ దిగాక ఒక పావుగంట స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఆమె ఒక వాక్యం చెప్పాలి. నేను తెలుగు అక్షరాల్లో రాసుకుని, తిరిగి చెప్పాలి. తప్పైతే ఆమె తల అడ్డంగా ఊపుతుంది, ఇంకోసారి చెబుతుంది. సరైతేనే రెండో వాక్యం. మొదటి రోజు మూడు వాక్యాలకే తల వాచిపోయింది. నలభై ప్రశ్నల నోటుబుక్కుని అలమారలో పడేసి, ఇంటికెళ్లి మళ్లీ వీడియోలు తీశాను. ఈసారి నిమిషం వినడం, ఆపడం, విన్నది రాయడం, గట్టిగా చెప్పడం, మళ్లీ పెట్టి సరిచూసుకోవడం. బస్సులో మాత్రం ఇయర్‌ఫోన్లతోనే. యాప్ రోజూ అలుగుతూనే ఉంది, అలగనిచ్చాను. వ్యాకరణం కూడా తీసేదాన్ని, కాకపోతే విన్నదాంట్లో ముడి పడినప్పుడే. పరీక్ష రాసే నాటికి పట్టికలు చాలావరకు మర్చిపోయాను. మార్కులేమో ఫ్రెంచిలోనే ఎక్కువ వచ్చాయి.

కాబట్టి అమ్మాయిలూ, ఏ యాప్ అని నన్నడగొద్దు. ఏదైనా ఒకటే. అది మీ చేత మాట్లాడిస్తోందా, వినిపిస్తోందా అని చూసుకోండి. మాట్లాడించేదాంతో మురిసిపోతాం. వినిపించేదాంతో ఏడుస్తాం. ఏడిపించేదాన్నే పట్టుకోండి. ఎవరైనా ఒక మాట చెబితే దాన్ని తిరిగి చెప్పగలిగినప్పుడే వచ్చినట్టు. చెప్పలేనప్పుడు దయచేసి తలూపకండి.

ఆరో రోజు డిశ్చార్జి. హాస్టల్ వ్యాన్ కింద ఎదురుచూస్తోంది. సంచి సర్దుకుని ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి గబగబా ఏదో చెప్పింది. ఆమెని ఆపి, నెమ్మదిగా చెప్పమన్నాను. రాసుకున్నాను. తిరిగి చెప్పాను. ఒకచోట తప్పింది, సరిచేసింది. మళ్లీ చెప్పాను. అప్పుడు అవునంది. నా జబ్బు పేరు మీ భాషలో ఒక కార్డు మీద రాసివ్వండి, నేను మళ్లీ పడిపోతే ఎవరో ఒకరు చదవాలి, అని అడుగుతోంది.

ఒక అపాయింట్‌మెంట్ కార్డు వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: నాకు సికిల్ సెల్ జబ్బు ఉంది. డాక్టరుకి చెప్పండి.

కార్డు తీసుకుని ఊరుకోలేదు. తనకి తెలుగు చదవడం రాదుగా, పడిపోయే ముందు నోటితో చెప్పాలిగా అని సైగ చేసి, నన్ను చదవమంది. చదివాను. తిరిగి చెప్పింది. తప్పింది. నేను తల అడ్డంగా ఊపాను. నాలుగోసారో అయిదోసారో, వార్డు గుమ్మంలో నిలబడి, కార్డు గుండెకి ఆనించుకుని, గట్టిగా, ఒక్కో ముక్కా విడదీసి అంది.

"నాకు. సికిల్ సెల్. జబ్బు. ఉంది. డాక్టరుకి. చెప్పండి."

కారిడార్లో తడిగుడ్డ పెడుతున్న మా ఆయా గిరుక్కున తిరిగింది.

"అయ్యో, చెప్తాంలేమ్మా, చెప్తాం! మళ్లీ వచ్చిందా నొప్పి?" అంటూ గుడ్డ అక్కడే పడేసి, డాక్టరు గది వైపు పరిగెత్తింది.